వాటాదారుని ఆగ్రహము – వార్తాపత్రిక ధర్మము



ఏ మహనీయుని సంస్మరణార్థము ఏటేట ఈ ఉపన్యాసము జరుగుచున్నదో, ఆయన తన పేరును వేదికపై ఉచ్చరింపరాదనియు, తనను పొగడుటకు పట్టు సమయమును శ్రోతలకు పనికివచ్చు విషయమునకు వినియోగింపవలెననియు నిధిపత్రముననే వ్రాసిపోయినందున, ఆ ఆజ్ఞను నేనును శిరసావహించుచున్నాను. జీవితమంతయు రాళ్లను పరీక్షించి, పదవీ విరమణానంతరము పటాన్‌చెరులో స్థిరపడిన ఆ భూగర్భశాస్త్రవేత్త, గనులను గూర్చి ఎంత ఉత్సాహముతో మాటాడెడివాడో గనుల షేర్లను గూర్చి అంత జంకుతో మాటాడెడివాడని మాత్రము చెప్పి విషయములోనికి ప్రవేశించెదను.

బంగారు గనుల ప్రసక్తి ఈ గడ్డపై ఎందుకని మీలో కొందరికి తోచియుండును. లక్డారము క్వారీలలో కంకర దొరకును గాని కాంచనము దొరకదు. అయినను రామచంద్రాపురము బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారములోను, ఎద్దుమైలారము ఆయుధ కర్మాగారములోను, భానూరు భారత్ డైనమిక్స్‌లోను ముప్పది, నలువది యేండ్లు కొలువు చేసి, గ్రాట్యుటీయు భవిష్యనిధియు చేతికి వచ్చిన పిమ్మట, బ్యాంకు వడ్డీ చాలక, కుమారుని చేత డీమ్యాట్ ఖాతా తెరిపించుకొని, ఉదయము తొమ్మిదింబావునకు ఫోను తెరచి కూర్చుండు పెద్దలు ఈ ప్రాంతములో వీధికి నలుగురైన కలరు. వారిలో చిన్న చిన్న ఖనిజాన్వేషణ సంస్థల వాటాలు కొన్నవారు తక్కువమంది కారు. అశోక్‌నగరు టీ హోటలులో అట్టివారొకరు ఆవేశముతో అన్న మాట ఈ ఉపన్యాసమునకు మూలమైనది: “పేపరోళ్లు ఒక్క వార్త రాస్తరు, మా షేరు లోయర్ సర్క్యూట్ కొడుతది. వాళ్లకు గని తెల్సా, గడ్డపార తెల్సా?”

ఈ కోపమును పరిహసించుట సులభము. కాని అందులో న్యాయమెంత, అన్యాయమెంత అని విడదీసి చూచుట మన కర్తవ్యము.

గనుల వాణిజ్యములో ‘జూనియర్’ అని పిలువబడు సంస్థకు గని యుండదు, అమ్మకము లుండవు, లాభము లుండవు. దానికి ఉండునది ఒక పటము, ఒక అనుమతిపత్రము, కొందరు శాస్త్రజ్ఞులు, ఒక ఆశ. వాటాలమ్మి సొమ్ము తెచ్చును, ఆ సొమ్ముతో భూమికి రంధ్రములు వేయించును, ఫలితములు ప్రకటించును, మరల వాటాలమ్మును. రాబడి లేని సంస్థకు వాటాధరను నిలబెట్టునది వార్త యొక్కటే. కావుననే పెద్ద సిమెంటు కంపెనీని గూర్చి వచ్చిన ప్రతికూల వార్త దాని వాటాదారునకు తలనొప్పి మాత్రమై పోవుచుండగా, జూనియర్ సంస్థను గూర్చి వచ్చిన అట్టి వార్త దాని వాటాదారునకు ప్రాణగండముగా కనిపించుచున్నది.

మన తెలుగునాట ఇట్టి ఆశకు నెలవైన చోటు జొన్నగిరి. కర్నూలు జిల్లా తుగ్గలి మండలములోని ఆ గ్రామమును కొందరు చరిత్రకారులు అశోకుని కాలపు సువర్ణగిరిగా భావింతురు. దాపుననున్న ఎఱ్ఱగుడి శిలాశాసనములను 1929లో లోకమునకు తెలిపినవాడు అను ఘోష్ అను భూగర్భశాస్త్రవేత్తయే. తొలకరి వానలు పడగానే చుట్టుప్రక్కల జిల్లాలనుండి జనము మూటాముల్లెలతో వచ్చి, కడిగిన ఎఱ్ఱనేలలో వంగి వంగి వజ్రములు వెదకుట అచ్చట ఏటేట జరుగు తంతు. దొరికినవాని కథ పత్రికలో వచ్చును, దొరకక తిరిగిపోయినవారి కథ వ్రాయువాడు లేడు. (ఈ ముక్కను గుర్తుంచుకొనుడు, వాటాల విపణిలోను వార్తల నడవడి ఇంచుమించు ఇట్లే యుండును.)

ఇక బంగారము సంగతి. కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. కోలారును నడపిన భారత్ గోల్డ్ మైన్స్ సంస్థకే చెందిన రాయలసీమలోని రామగిరి గనియు మూగవోయినది. కర్ణాటకలోని హట్టి తప్ప దేశములో చెప్పుకోదగిన బంగారు గని లేని కాలమున, 1994లో స్థాపితమైన జియోమైసూర్ సర్వీసెస్ అను ప్రైవేటు సంస్థ జొన్నగిరిలో అన్వేషణ సాగించినది. 2013లో సుమారు 600 హెక్టార్లకు మైనింగు లీజు లభించినది. ఆ సంస్థలో వాటా గలిగి, బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైయున్న బంగారు అన్వేషణ సంస్థ డెక్కన్ గోల్డ్ మైన్స్. లీజు చేతికి వచ్చిన పిమ్మటను రైతులనుండి భూమి కొనవలెను, అనుమతులు తేవలెను, ప్రయోగాత్మక కర్మాగారము నడపవలెను, యంత్రములు దింపవలెను. ఇట్లు పండ్రెండేండ్లు గడచి, 2025లో గాని పర్యావరణానుమతి మాట వినబడలేదు. పూర్తిస్థాయి ఉత్పత్తి మొదలైన పిమ్మట ఏడాదికి సుమారు 750 కిలోల బంగారము తీయగలమని నిర్వాహకులు ప్రకటించిరి. పండ్రెండేండ్లనగా ఏడవ తరగతి బాలుడు చదువు ముగించి కొలువున చేరు కాలము. ఆ కాలమంతయు వాటా పట్టుకొని కూర్చున్నవానికి, “మరల ఆలస్యము” అను రెండు మాటల శీర్షిక చురకవలె తగులుట సహజమే.

కాని ఆ ఆలస్యమును పత్రిక సృష్టింపలేదు. అందులో శాసనముల పాత్ర యెంతయో విచారింపుడు. 2015 జనవరిలో ఖనిజ చట్టమును సవరించి వేలముపాట పద్ధతిని ప్రవేశపెట్టినప్పుడు, అంతకుముందే అన్వేషణ చేసి ఖనిజము కనుగొన్నవారి హక్కును ఒక ఉపనిబంధనచే రక్షించిరి. 2021 మార్చిలో మరల సవరించి, లీజు దాకా రాని అట్టి పాత హక్కులను రద్దుచేసిరి. హావేరి జిల్లాలోని గణజూరు వద్ద ఇదే డెక్కన్ గోల్డ్ సంస్థ ఏండ్ల తరబడి సాగించిన ప్రయత్నము ఆ దెబ్బ తగిలినవాటిలో ఒకటి. ఒక సవరణవాక్యముతో కరిగిపోయిన వాటాదారుల సొమ్మును గూర్చి మన పత్రికలు వ్రాసినది బహు స్వల్పము. ఆ టీ హోటలు మిత్రుడు పత్రికలు ఎక్కువ వ్రాసినవని కోపగించెను. ఈ విషయములో అవి తక్కువ వ్రాసినవని నేను కోపగించుచున్నాను.

ఇక ఆయన ప్రశ్నకు వత్తము: విలేఖరికి గని తెలియునా? చాలమందికి తెలియదు. భూమిలో ఉన్నదని అంచనా వేసిన ఖనిజమునకును, లాభసాటిగా త్రవ్వి తీయవచ్చునని ఇంజనీర్లు లెక్కగట్టి తేల్చిన ఖనిజమునకును నడుమనున్న అగాధము మన వార్తలలో కానరాదు. ఆ రెంటికి నడుమనే జూనియర్ సంస్థ జీవితము గడచునది. దీనికి ఉత్తరప్రదేశ్‌లోని సోన్‌భద్ర కన్న మంచి తార్కాణము వేరొకటి నాకు తోచదు. 2020 ఫిబ్రవరిలో అక్కడ మూడువేల టన్నులకు పైగా బంగారము బయటపడినదని దేశమంతట మారుమ్రోగినది. దేశ రిజర్వు బ్యాంకు వద్దనున్న బంగారమునకు ఎన్నో రెట్లని శీర్షికలు పెట్టిరి. దూరదర్శనములలో కొండలు మిలమిల మెరసినవి. రెండు దినములైనను తిరుగకమునుపే భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ముందుకు వచ్చి, తాము అంచనా వేసినది 52,806 టన్నుల ముడిఖనిజమనియు, అందు టన్నుకు సగటున 3.03 గ్రాముల బంగారము కలదనియు, మొత్తము కలిసి సుమారు 160 కిలోలనియు ప్రకటించినది. ఈ లెక్క గుణకారము వచ్చిన విద్యార్థి ఎవడైనను కాగితముపై వేసి చూడవచ్చును. వార్త వ్రాసినవారిలో అట్లు వేసి చూచినవాడొక్కడైన ఉన్నట్లయిన, టన్నులను కిలోలుగా మార్చుకొనవలసిన నగుబాటు తప్పియుండెడిది.

మన విచారమునకు కేంద్రమిదియే. సోన్‌భద్ర వార్త అసత్యమని వాటాదారు లెవ్వరైనను పత్రికాఫీసులకు లేఖలు వ్రాసినట్లు నేను వినలేదు. అభివృద్ధి చెందిన దేశములలోను, ఇక్కడను, గనుల వాటాలు కొన్నవారు ప్రతికూలమైన పొరపాటుపై మండిపడుదురు గాని అనుకూలమైన పొరపాటుపై ఒక్క మాటయు అనరు. పైగా దానిని పదిమందికి పంపుదురు. ఆ టీ హోటలు పెద్దమనిషిని వాటా కొనునట్లు చేసినది ఏమి? ఎవరో ఎక్కడో చూచి పంపిన ఉప్పొంగిన వార్తయే. దానిని వ్రాసినవాడు గని తెలిసినవాడేనా అని ఆయన ఆనాడు అడుగలేదు. లోనికి తెచ్చిన వార్తను పరీక్షింపక, బయటికి నెట్టు వార్తను మాత్రము పరీక్షింపగోరుటలో న్యాయము లేదు.

ఇంకను దగ్గరగా చూతము. అన్వేషణ యంత్రము వజ్రపు ముక్కుతో రాతిలోనికి దిగి, పిడికిట పట్టునంత లావుగల రాతికడ్డీలను పైకి తెచ్చును. వానిని పొడవైన పెట్టెలలో వరుసగా పేర్చి, ఎన్నవ మీటరునుండి ఎన్నవ మీటరు వరకో ప్రక్కన వ్రాసి యుంచుదురు. పిమ్మట రంపముతో నిలువున రెండుగా చీల్చి, ఒక సగమును పరీక్షాశాలకు పంపి, రెండవ సగమును పెట్టెలోనే భద్రపరతురు. పరీక్షాశాల ఫలితముపై రేపు ఎవరికైనను అనుమానము కలిగినచో మరల పరీక్షించుట కది సాక్ష్యము. పంపిన సగమును మెత్తని పిండిగా నూరి, అందు ముప్పదియో ఏబదియో గ్రాములు తూచి, సీసపు భస్మముతో కలిపి మూసలో కరగింతురు. కరగిన సీసము బంగారమును తనలోనికి లాగికొని అడుగున గుండువలె దిగును. దానిని ఎముకల బూడిదతో చేసిన చిప్పలో మరల కాల్చగా, సీసము చిప్పలోనికి ఇంకి, చివరకు ఒక బిందువు మిగులును. టన్నుకు గ్రామున్నర బంగారమున్న రాతినుండి ఏబది గ్రాముల పిండి తీసినచో, ఆ బిందువులోని బంగారము ఆవగింజ బరువులో ఇరువదవ వంతునకు మించదు. తులము బంగారమునకు ఏడెనిమిది టన్నుల రాయి పగులగొట్టవలెనన్నమాట. ఇంత సూక్ష్మమైన దానిపై ఇన్ని కోట్ల ఆశ నిలిచియుండగా, ఆ పెట్టెలోని రెండవ సగమును చూపుమని అడుగు విలేఖరి వాటాదారునకు శత్రువెట్లగును?

కెనడాకు చెందిన బ్రె-ఎక్స్ అను జూనియర్ సంస్థ కథ ఈ సందర్భమున తలపునకు రాక మానదు. ఇండొనేషియా బోర్నియో అడవులలోని బుసాంగ్ వద్ద లోకమునకెల్ల పెద్ద బంగారు నిక్షేపము దొరకినదని ఆ సంస్థ చాటగా, దాని వాటాల మొత్తము విలువ సుమారు 600 కోట్ల కెనడా డాలర్లకు ఎగబ్రాకినది. అల్బర్టా రాష్ట్రములోని సెయింట్ పాల్ అను చిన్న పట్టణములో ఉపాధ్యాయులు, దుకాణదారులు, పింఛనుదారులు పెట్టుబడి పెట్టిరి. వారి ముఖములను తలచికొన్నప్పుడెల్ల నాకు మన పటాన్‌చెరు పెద్దలే కనబడుదురు. ఆ సంస్థ రాతికడ్డీలను సగము చీల్చి దాచు మర్యాదను పాటింపక, దాదాపు మొత్తమును పిండికొట్టించినది. మరల పరీక్షించుటకు మిగిలినది బహు స్వల్పము. అమెరికాకు చెందిన ఫ్రీపోర్ట్ సంస్థ అదే చోట స్వయముగా రంధ్రములు వేయించి, చెప్పుకోదగిన బంగారము లేదన్న సంగతి 1997 మార్చి 26న వెల్లడి యయ్యెను. నిలిపియుంచిన వ్యాపారము మరల మొదలగుటతోడనే క్రయవిక్రయముల తాకిడికి టొరంటో ఎక్స్ఛేంజి యంత్రములే తట్టుకొనలేకపోయినవి. ఆనాడు సైతము ఇది పెద్ద సంస్థలు పన్నిన కుట్రయని నమ్మి వాటాలను వదలనివారు కలరు. మే నెలారంభమున స్వతంత్ర పరిశోధక సంస్థ స్ట్రాత్‌కోనా నివేదిక వచ్చి, నమూనాలలో బయటినుండి బంగారము కలిపిరని నిర్ధారించినది. అప్పటికి సెయింట్ పాల్ వాసుల చేతిలో కాగితము మాత్రము మిగిలినది. దీనినుండి పుట్టినదే, అర్హుడైన నిపుణుడు తన పేరుతో హామీ ఇచ్చిన ఖనిజగణాంకములనే ప్రకటింపవలెనని 2001లో కెనడాలో అమలునకు వచ్చిన నిబంధన.

బ్రె-ఎక్స్ దొంగతనము గనుక ప్రతి జూనియర్ సంస్థయు దొంగయే యని నేననుట లేదు. జొన్నగిరి విషయమున అట్టి సూచన చేయుట అపచారము. చెడ్డవార్తను విని కుట్రయని మొదట అనిపించుట ఎంత మానుషమో, అచ్చటనే ఆగిపోవుట ఎంత వ్యయకరమో చూపుటకే ఈ ప్రస్తావన.

ఈ వాదము మన ఊరికి క్రొత్త కాదు. నక్కవాగు, మంజీరల వెంబడి పల్లెలలో పరిశ్రమల వ్యర్థజలముచే పొలములు చవిటిబారి, బావులలో నీరు రంగు మారినపుడు, స్థానిక వైద్యుడు డాక్టర్ అల్లాని కిషన్ రావు మొదలగువారు గళమెత్తినపుడు, 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టు నాశ్రయించినపుడు, ఇచ్చట వినబడిన మాటయు ఇదియే: పత్రికలు పరిశ్రమల పొట్టగొట్టుచున్నవని. 2007లో స్వీడను దేశపు గోథెన్‌బర్గు విశ్వవిద్యాలయ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను ఔషధము లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కలదనియు, దినమునకు సుమారు 45 కిలోల మేర బయటికి పోవుచున్నదనియు ప్రచురించిరి. 2009 జనవరిలో అంతర్జాతీయ వార్తాసంస్థ ద్వారా ఆ సంగతి ప్రపంచమంతట వ్యాపించినపుడు, ఊరి పేరు చెడినదని నొచ్చుకొన్నవారిని నేనెరుగుదును. ఆ అంకెను కొలిచినవారు నీటిని పాడుచేయలేదు. ఈనాడు ఔషధనిరోధక సూక్ష్మజీవులను గూర్చి లోకము జరుపు చర్చలో ఆ కొలత మూలప్రమాణముగా నిలిచియున్నది.

2025 జూన్ 30న పాశమైలారములోని సిగాచి కర్మాగారములో ప్రేలుడు సంభవించి 50 మందికి పైగా కార్మికులు మృతిచెందిన సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. మీలో కొందరు ఆ గేటు ముందు నిలిచినవారే. అది ఎక్స్ఛేంజిలో నమోదైన సంస్థ. ఆ దినముననే దాని వాటాధర పడిపోయినది. డి.ఎన్.ఏ. పరీక్షల కొరకు నిరీక్షించిన కుటుంబముల వార్తయు, వాటాదారుడు చదివిన వార్తయు ఒకే వార్త. ఆ వార్తను ధరను బట్టి తూచువాని ఎదుట నాకు మాటలు రావు.

ఇక విధానము సంగతి. ప్రధాన పత్రికలలో వచ్చిన వదంతి వలన ధర గణనీయముగా కదలినచో, 24 గంటలలో దానిని ధ్రువీకరింపవలెను, లేదా ఖండింపవలెను, లేదా వివరింపవలెనని విపణి నియంత్రణ సంస్థయైన సెబీ నియమము చేసినది. 2024 జూన్ 1నుండి విపణి విలువలో మొదటి 100 సంస్థలకును, డిసెంబరు 1నుండి మొదటి 250 సంస్థలకును అది వర్తించుచున్నది. వదంతి వలన ఎక్కువగా దెబ్బతినునవి చిన్న సంస్థలు. నియమము బంధించునది పెద్ద సంస్థలను! చిన్న సంస్థలపై భారము మోపరాదన్న దయ దాని వెనుక నుండవచ్చును గాని, ఆ దయ వాటాదారునకు దక్కలేదు. నిర్బంధము లేకపోయినను స్వచ్ఛందముగా ఆ పద్ధతిని పాటింపుమని అన్వేషణ సంస్థను సర్వసభ్యసమావేశములో అడుగు హక్కు వంద వాటాలున్నవానికిని కలదు.

పత్రికలును తమ ఇల్లు చక్కదిద్దుకొనవలెను. వాటాలు పుచ్చుకొని ప్రకటనలు వేయు ఒప్పందములను పాఠకునకు వెల్లడింపవలెనని 2010లోనే సెబీ కోరగా ప్రెస్ కౌన్సిల్ దానిని ఆమోదించినది. 2023 మార్చిలో యూట్యూబు వీడియోల ద్వారా వాటాధరలు ఉబ్బించిరన్న ఆరోపణపై సెబీ పలువురిని విపణినుండి నిషేధించుచు మధ్యంతరాజ్ఞలు వెలువరించినది. డబ్బు పుచ్చుకొని వ్రాసిన పొగడ్త, తెలియక వ్రాసిన తెగడ్తకన్న వాటాదారునకు ఎక్కువ నష్టకరమని నా నిశ్చితాభిప్రాయము. ఏలయన రెండవదానిని మరునాడు దిద్దవచ్చును, మొదటిదానిని నమ్మి పెట్టిన గ్రాట్యుటీ సొమ్ము మరల రాదు.

నిధి నిర్వాహకులకు ఒక మనవి చేసి ముగించెదను. వచ్చు సంవత్సరము ఈ వేదికపై ఉపన్యాసము బదులు ఒక పూటపాటు తరగతి పెట్టుడు. సంగారెడ్డి, పటాన్‌చెరు విలేఖరులను ఇరువదిమందిని, వాటాలున్న పెద్దలను ఇరువదిమందిని ఒకే బల్లల వరుసలో కూర్చుండబెట్టి, ఒక భూగర్భశాస్త్రవేత్త చేత రాతికడ్డీల పెట్టెను, పరీక్షాశాల నివేదికను, ఎక్స్ఛేంజికి పంపు ప్రకటనను ప్రక్కప్రక్కన పెట్టించి చదివించుడు. అద్దెకు హాలు, టీ, నకళ్లు కలిపి ఈ నిధి వడ్డీ అందుకు చాలును. ఖాతా చూచియే చెప్పుచున్నాను.